ఉలి వీధి తొట్టికి తాళం వద్దు

మండలి అధ్యక్షురాలు దస్తగిరమ్మ గారికి,

నిన్న నన్ను ఒక పదవిలో నియమిస్తూ మీ ఉత్తర్వు వచ్చింది. నాకు ఆ పదవి వద్దు. నాకే కాదు, ఎవరికీ వద్దు. అసలు ఆ పదవే ఉండకూడదని నా మనవి. తాళాలు బిగించేవాళ్లు మా వీధికి వచ్చేలోగా ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలియాలి. గాలి శాఖవారి నివేదిక మీ దగ్గరికి చేరింది. అందులో మా వీధివాళ్ల మాట ఒక్కటి కూడా లేదు. అందుకే ఆలస్యం చేయకుండా ఇప్పుడే రాస్తున్నాను.

మీరు ప్రమాణం చేసిన రోజునుంచి నేను రాసుకుంటున్నదాంట్లోంచి కొన్ని రోజులు ఇక్కడ ఎత్తి రాశాను. ఇంట్లోవాళ్ల మాటలు కూడా ఉన్నాయి. తీసేద్దామనుకున్నాను గానీ, అవి తీస్తే సంగతి అర్థం కాదు.

*చైత్ర శుద్ధ పాడ్యమి, ఉగాది*

ఇవాళ కొత్త మండలి ప్రమాణం చేసింది. చందమామ పొట్టలో మా తాతలు తొలిచిన ఈ లోతుపేటలో ఇంతమంది ఒక్కచోట నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. ఒక గదిలో ఆరుగురికి మించి చేరాలంటే గాలి శాఖ దగ్గర ఊపిరి అనుమతి తీసుకోవాలి. ఇవాళ ఎవరూ తీసుకోలేదు, ఎవరూ అడగలేదు. పెద్ద సొరంగం నిండా జనం. మా జేజి, నాయిన వాళ్లమ్మ, నా భుజం పట్టుకుని నిలబడి, "ఇంతమంది పీలుస్తాండారు, గాలి అయిపోలేదే" అంది. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు.

దస్తగిరమ్మ గారు ఎక్కువ మాట్లాడలేదు. పై కిటికీల అద్దాలు తుడిచే పనిలో తల నెరిసిన మనిషి, ఉపన్యాసాలు అలవాటు లేవు. "అద్దం తుడిచేటోళ్లు పని బాగా జేస్తే అద్దం ఉండాదనే మీకు తెలీదు. మండలి గూడా అట్లే ఉండల్ల" అన్నారు. అంతే. తర్వాత పేర్లు చదివారు.

అనుమతుల శాఖకి చెన్నక్క. తన రెండు గదుల మధ్య తలుపు పెట్టుకోవడానికి ఏళ్ల తరబడి ఆ శాఖ చుట్టూ తిరిగి, చివరికి అనుమతి వచ్చేసరికి పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోగా, ఆ తలుపు అవసరమే లేకుండా పోయిన మనిషి. గాలి శాఖకి టీకొట్టు ఇంతియాజ్ అన్న. ఈ ఊళ్లో గాలి శాఖ చేతిలో ఎక్కువసార్లు జరిమానా పడింది ఆయనకే. ఆయన కొట్టులో జనం కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారనీ, కబుర్లు చెబితే ఊపిరి ఎక్కువ ఖర్చవుతుందనీ. పేరు వినగానే ఈలలు మోగాయి. నేనూ వేశాను. నాకు ఈల వేయడం వచ్చని నాకే తెలియదు.

కొత్త అధిపతులందరికీ ఒకటే ఆదేశం. మీ శాఖ చేస్తున్న పనుల్లో ఇళ్లవాళ్లు తామే చేసుకోగలిగినవి ఏవో చూడండి, వాటిని వాళ్లకి తిరిగి ఇచ్చేయండి. నేను గాలి శాఖలోనే పనిచేస్తున్నాను. ఇంటికి వచ్చాక కూడా కుదురుగా కూర్చోలేకపోయాను.

*చైత్ర శుద్ధ షష్ఠి*

నా ఉద్యోగం ఈ పౌర్ణమితో పోతుంది. ఇంతియాజ్ అన్న స్వయంగా పిలిచి చెప్పాడు. చెప్పలేక టీ మీద టీ తాగించాడు. చివరికి నేనే ఆయనకి ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

నా పని ఏపాటిదో నాకు తెలుసు. మా ఉలి వీధి చివర పచ్చతొట్టి ఉంది. దీపాల కింద అందులో పాచి పెరుగుతుంది. మేము వదిలిన ఊపిరిని అది తిని, మంచి గాలి ఇస్తుంది. దానికి రోజూ మేతపొడి వేయాలి. నేను మీటరు చూసి అంకె పైకి పంపాలి, ఎంత మేత వేయాలో పైనుంచి వచ్చాక కొలిచి వేయాలి. పాచికి ఆకలి వేస్తే దాని రంగే చెబుతుంది. అయినా పైనుంచి మాట వచ్చేదాకా నేను శాఖ ఇచ్చిన నీలం చొక్కా తొడుక్కుని చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. వీధివాళ్లు తొట్టిని ముట్టుకుంటే వాళ్లకి జరిమానా, ముట్టుకోనిస్తే నాకు మెమో.

ఇంట్లో చెప్పడమే కష్టమైంది. మా వంశంలో బడికి పోయినదాన్ని నేనే. నాయిన ఇప్పటికీ దూరపు సొరంగంలో రాయి కొడుతున్నాడు, తాతా, వాళ్ల నాయినా రాయి కొట్టినవాళ్లే. నేను నీలం చొక్కాతో మొదటిసారి వీధిలో నడిచినప్పుడు నేను మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. ఇవాళ అదే గుమ్మంలో కూర్చుని చాట కింద పెట్టేసింది.

"ఊరంతా పండగ జేసుకుంటాంటే నీ ఉజ్జోగం పాయె. దానికి ఈల ఏసింది గూడా నువ్వే."

"నా ఒక్కదానిదే కాదులేమ్మా, శాఖలో సగం మందిది పోయింది" అన్నాను.

"అట్లయితే సల్లగుండు తల్లీ."

జేజి మాత్రం ఒక్కటే అడిగింది, తొట్టి మళ్లా మన చేతికి వస్తుందా అని. వస్తుందన్నాను. ఆమె లేచి వెళ్లి అటక మీద తన పాత గంటె కోసం వెతకడం మొదలుపెట్టింది.

*చైత్ర పౌర్ణమి*

పౌర్ణమి కదా, పై కిటికీలో భూమి కనబడలేదు. కింద భూమ్మీద వాళ్లకి మేము నిండుగా కనిపించే రోజు మాకు వాళ్లు కనబడరు. అలాంటి చీకటి రోజున మా తొట్టికి శాఖవారి సీలు ఊడింది.

ఊడదీసింది శేషశయనం సార్. గాలి శాఖలో ఉపాధికారి, నాకు పని నేర్పినాయన. సీలు జేబులో వేసుకుని నన్ను పక్కకి పిలిచారు. ఆయన ఎగతాళి చేస్తారనుకున్నాను, చేయలేదు.

"గాలితో ఆటలొద్దమ్మా. నేను శాఖలో చేరినప్పటి నుంచీ ఈ ఊళ్లో ఊపిరాడక ఒక్కరు కూడా పోలేదు. జరగనిది కదా, అందుకని మీ ఎవరికీ కనబడదు" అన్నారు.

అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. మరచిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

పెద్ద గొట్టం, ప్రమాద దీపాలు శాఖ దగ్గరే ఉంటాయి. ఒక వీధి తొట్టి చెడితే పెద్ద గొట్టంలోంచి గాలి వదిలేది వాళ్లే. అది అలాగే ఉండాలి. ఏ ఒక్క వీధీ అంతటి గొట్టం వేసుకోలేదు. తొట్టి మాత్రం మాది. వీధిలో వంతులు మాట్లాడుకున్నాం, ఒక్కో ఇంటికి ఐదు రోజులు, పుల్లలు తీస్తే వచ్చిన వరసలో. ఎవరింటి డబ్బాలోని మేతపొడి వాళ్లే తెచ్చుకోవాలి. ఎవరూ రాసుకోలేదు. జేజి కాలంలో ఇలాగే నడిచేదట.

*చైత్ర బహుళ దశమి*

ఎంత బాగుందో రాయడానికి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మొదటి వంతు మాదే అయింది. జేజి గంటెతో పాచిని కొంచెం ఎత్తి దీపం ముందు పట్టి, చూడు, లేత జామాకు రంగులో ఉంటే ఆకలి, ముదురాకు రంగులో ఉంటే కడుపు నిండింది అని నేర్పింది. బడిలో దీన్నే నేను అంకెల్లో చదువుకున్నాను. రెండూ కలిసినప్పుడు ఒంట్లో ఏదో ఉత్సాహం పరుగెత్తింది. ఇప్పుడు పనికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు తొట్టి దగ్గర ఒక నిమిషం ఆగుతున్నారు. రంగు చూసి ఒక మాట అని పోతున్నారు. ఇదివరకు ఆ మూలకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. సమ్మెట వీధి నుంచి కబురొస్తే పోయి వాళ్లకీ రంగులు చూపించి వచ్చాను. నాకు జీతం లేదు, అధికారం లేదు. అయినా కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

పక్కింటి సుంకన్న మామ తన ఇంటి ముందు రుబ్బురోళ్లు చెక్కి అమ్మడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లూ రాతి దుమ్ము అనుమతి రాక ఆ ఉలి మూలన పడి ఉందట. "ఏమ్మే కోడలా, నీ ఉజ్జోగం పాయె, నా ఉజ్జోగం వచ్చె" అన్నాడు. అమ్మ లోపలినుంచి, "మీ ఇద్దరికీ కలిపి ఒగటే అన్నం వండుతాలే" అంది. ఆమెకి కోపం తగ్గుతోంది.

*వైశాఖ శుద్ధ చవితి*

నిన్న సుంకన్న మామ వాళ్లమ్మ పోయింది. పండుటాకు, నిద్రలోనే వెళ్లిపోయింది. ఇదివరకు చావు జరిగితే లోపల ఆరుగురు, మిగతావాళ్లు మలుపు అవతల. నిన్న ఎవరూ ఎవర్నీ ఆపలేదు. రెండు వీధులవాళ్లూ వచ్చి చుట్టూ కూర్చుని ఏడ్చారు. మామ జనాన్ని చూసి, "మా నాయినకి ఇంతమంది దొరకలేదు" అన్నాడు.

ఇవాళ్టినుంచి తొట్టి వంతు ఆ ఇంటిది. మాలో చావు జరిగిన ఇంటిని ఏ పనీ అడగరు. వాళ్ల పని పక్కవాళ్లు చేసేస్తారు. చేశామని చెప్పరు కూడా, చెబితే మంచితనం చూపించుకున్నట్టు. పొద్దున వీధి ఖాళీగా ఉన్నప్పుడు నేను పోయి మేత వేసి వచ్చాను. మామ వంతు అయ్యేదాకా రోజూ వేస్తాను. ఇక్కడ రాసుకోవడమే, ఇంకెక్కడా అనను.

*వైశాఖ శుద్ధ నవమి*

తొట్టి బాగాలేదు. అంచుల్లో గోధుమరంగు, మధ్యలో నురుగు, కుళ్లిన వాసన. నిన్న సాయంత్రమే కాస్త అనుమానంగా అనిపించింది. మరీ ముదిరిన రంగు కదా, బాగా తిన్నదిలే అనుకున్నాను. ఈ రోజు పొద్దుటికి పసుపు దీపం వెలిగింది. ఎర్ర దీపం వెలిగితే వీధి ఖాళీ చేసి అందరం పెద్ద సొరంగంలో పడుకోవాలి. శాఖవాళ్లు పెద్ద గొట్టం తెరిచారు. వెంటనే తెరిచారు, అది ఒప్పుకోవాలి. అయినా అందరికీ తలనొప్పి. జేజి గోడకి ఆనుకుని కూర్చుని ఒక్కో ఊపిరీ లాగి లాగి తీస్తోంది.

నేను ఐదు రోజులూ కొలిచి వేశాను. ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. నీళ్లు చూశాను, దీపాలు చూశాను. ఏమీ అర్థం కావడం లేదు.

*వైశాఖ శుద్ధ ద్వాదశి*

శేషశయనం సార్ విచారణకి వచ్చారు. వీధిలో ప్రతి మనిషినీ అడిగారు, సుంకన్న వంతు రోజుల్లో మేత ఎవరు వేశారని. ప్రతి ఒక్కరూ తెలియదన్నారు. అమ్మా అదే అంది, జేజీ అదే అంది. చావింటి తలుపు అవతలే కదా అడుగుతున్నది, మామకి వినబడుతుంది. అక్కడ ఎవరు నోరు తెరుస్తారు?

ఆయన్ని మలుపు దాకా సాగనంపుతూ నేను చెప్పాను, తొట్టి ఆకలితో చెడలేదు సార్, మేత పడింది అని.

"ఎవరు వేశారు?"

"పేరు అడగకండి సార్. పడిందని మాత్రం నాకు తెలుసు."

"పేరు లేని మాట నేనెలా రాయనమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఇబ్బంది పడుతూ. ఆయన రాసుకున్నది నేను చూశాను. బాధ్యత లేక ఐదు రోజులు మేత మానేశారు, పాచి ఆకలితో చచ్చింది, వెంటనే రెట్టింపు మేత వేయాలి. రేపు సాయంత్రం మనుషులు మేత తెచ్చి వేస్తారట.

ఆ వాసన ఆకలి వాసన కాదు. నాకు గట్టిగా అనిపిస్తోంది. కానీ దేన్ని చూపించి కాదనాలి?

*వైశాఖ శుద్ధ త్రయోదశి*

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇవాళ సుంకన్న మామ ఇంట్లో పదకొండో రోజు భోజనం. తలలు బరువుగా ఉన్నా అందరం పోయాం. పసుపు దీపం కింద విస్తళ్లు వేశారు. ఎవరూ తొట్టి మాట ఎత్తలేదు. నేను వడ్డిస్తూ ఒక్కటే అనుకుంటున్నాను, సాయంత్రం ఆ మేత పడితే రాత్రికి ఎర్ర దీపం వెలుగుతుంది అని. జేజి ముందు అన్నం పెట్టాను. ఆమె ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగింది. అన్నం నమలడానికి కూడా ఆమెకి ఊపిరి చాలడం లేదు. నన్ను చూసింది, మామ వైపు తిరిగింది.

"సుంకన్నా, ఇది చెప్పే మాట కాదు, అయినా చెప్తాండా. నీ వంతు నేనేసినా. ఐదు దినాలూ."

నా చేతిలో గరిటె ఉండిపోయింది. నేను కూడా వేశాను జేజీ, అన్నాను. అమ్మ పప్పు గిన్నె కింద పెట్టి, "అయ్యో, ఒగటే ఇంట్లోంచి ముగ్గురమా?" అంది. అవతలి వరసలోంచి ఇంకొకాయన, నేను రాత్రి పనికి పోతూ వేసేవాణ్ణి అన్నాడు. ఆయన భార్య, మరి నేను మధ్యాహ్నం వేశానే అంది. ఇంకో ఇద్దరు తలలు దించుకుని చేతులెత్తారు. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. చావు భోజనంలో నవ్వకూడదని ఒకరు అదిలించబోయి తనే నవ్వేశారు.

సుంకన్న మామ నవ్వలేదు. మమ్మల్నందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. కళ్లు నిండాయి.

"నేను గూడా ఏసినా" అన్నాడు. "తెల్లారుజామున పోయి ఏసొచ్చేటోణ్ణి. మాయమ్మ పోయిందని తొట్టి ఉపాసం ఉంటాదా?"

జేజి తల కొట్టుకుంది. "పాడుగాను, పాచిని మేపి మేపి సంపినాం."

ఇక వడ్డించలేదు నేను. గరిటె అక్కడే పడేసి పరుగెత్తాను. శాఖ మనుషులు మేత మూటతో వస్తుంటే మలుపు దగ్గర ఎదురుపడి కాళ్లకి అడ్డం నిలబడ్డాను. పేర్లు కావాలన్నారు కదా, ఇవిగో పేర్లు అని అందరివీ చెప్పాను. వాళ్లు మూట అక్కడే దించి శేషశయనం సార్ కోసం మనిషిని పంపారు. నేను వెనక్కి వచ్చేసరికి సగం వీధి తొట్టి చుట్టూ ఉంది, చేతులు మోచేతుల దాకా ముంచి.

*వైశాఖ బహుళ షష్ఠి*

పచ్చగా ఉంది! పసుపు దీపం ఆరిపోయింది. జేజి పొద్దున మలుపు దాకా నడిచి వచ్చి, దారిలో ఇద్దరితో పోట్లాడింది. అంటే ఊపిరి సరిపోతోందన్నమాట.

మేము చేసిందేమంటే, చెడ్డ నీళ్లు చాలావరకు తోడేశాం, కొత్త నీళ్లు పోశాం, సమ్మెట వీధి వాళ్లు తమ తొట్టిలోంచి మంచి పాచి కడవలతో మోసుకొచ్చారు. అడగకముందే వచ్చారు. ఇక ముందు ఇలా కాకుండా ఏం చేయాలని తొట్టి దగ్గరే మాట్లాడుకున్నాం. ఎవరు వేశారో ఎవరికీ తెలియాల్సిన పనిలేదు, పడిందని తెలిస్తే చాలు అని మామ అన్నాడు. మేత వేసినవాళ్లు తొట్టి మూత మీద ఉలి దెబ్బకి రాలిన రాతి చిప్ప ఒకటి పెట్టి పోతారు. చిప్ప కనబడితే తర్వాత వచ్చినవాళ్లు వెనక్కి తిరుగుతారు. పొద్దు మారేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని తీసేస్తారు. మా వీధిలో రాతి చిప్పలకి కరువా? సమ్మెట వీధి వాళ్లు చూసి, తమకిది సరిపడదని, దీపం పక్కన గుడ్డ కట్టే పద్ధతి పెట్టుకున్నారు.

శేషశయనం సార్ వచ్చి చిప్పని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. నివేదిక అప్పటికే వెళ్లిపోయిందట. ఇంకో నివేదిక రాస్తానన్నారు, పైవాళ్లు రెండోది చదువుతారో లేదో తెలియదన్నారు.

*వైశాఖ బహుళ ఏకాదశి*

ఇంతియాజ్ అన్న ఉత్తర్వు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ప్రతి వీధికీ ఒక గాలి పర్యవేక్షకుడు, తొట్టికి తాళం, తాళంచెవి పర్యవేక్షకుడి దగ్గర. ఉలి వీధికి వల్లెపు ఓబులేశ్వరి, అంటే నేను. ఇల్లు కూడా ఇస్తారట, పై కిటికీ ఉన్నది. అక్కడినుంచి భూమి కనబడుతుంది.

అమ్మ లోపలికి పోయి, మడిచి పెట్టిన నా నీలం చొక్కా తెచ్చి గుండీలు సరిచూడడం మొదలుపెట్టింది. ఆమె చేతులు చూస్తూ మాట్లాడడం కష్టంగా ఉంది.

అన్నని బయటికి తీసుకుపోయాను. తొట్టి దగ్గర నిలబడ్డాం.

"నీ కొట్టులో ఎవరు ఎంత ఊపిరి పీల్చాలో చూడడానికి ఒక మనిషిని పెడితే నీకెట్లుండింది అన్నా?" అని అడిగాను.

"ఆయప్ప పరాయోడు చెల్లెమ్మా. నిన్ను పెట్టినాం గదా."

"నేను బాగానే చూసుకుంటాననుకో. నా తర్వాత వచ్చేటోళ్లు? తాళం ఒకసారి పడితే మళ్లీ ఎవరు తీస్తారు? మీరు వచ్చి తీసేసరికి ఎన్నేళ్లు పట్టింది?"

ఆయన తొట్టి అంచు మీద చేయి ఆనించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "నాకు భయమైంది. పసుపు దీపం ఎలిగిన నాడు ఉలి వీధిలో ముసలోళ్లు ఎంతమంది ఉండారో లెక్క బెట్టుకుంటా కూసున్నా. రేపు ఇంగొక వీధిలో ఇట్లే అయ్యి ఎవురన్నా పోతే, నేనేమని జవాబు చెప్పల్ల?"

ఇది పౌర్ణమినాడు శేషశయనం సార్ అన్న మాటే. ఈసారి నా దగ్గర జవాబు ఉంది. చిన్నదే గానీ ఉంది. మా తప్పు తాళం లేక జరగలేదు. విచారణతో బయటపడలేదు కూడా. విచారణ తీసుకున్న నిర్ణయం అమలయ్యుంటే మా జేజి ఈ పాటికి ఎక్కడుండేదో. ఎవరికి వాళ్లు మంచి చేసి చెప్పకపోవడం వల్ల జరిగింది. ఒక ముసలామె అన్నం ముందు నోరు విప్పడం వల్ల తెలిసింది. తాళంచెవి నా దగ్గర ఉండి ఉంటే నేనే వేసేదాన్ని, మిగతావాళ్లు తొట్టి ముఖం చూసేవాళ్లు కాదు. ఏదైనా తేడా వస్తే నన్ను తిట్టేవాళ్లు. అంతకంటే తెలుసుకునేవాళ్లు కాదు.

"మళ్లీ ఏ తప్పూ జరగదని నేను మాట ఇవ్వలేను అన్నా" అన్నాను. "జరిగితే మీరు పెద్ద గొట్టం తెరవండి. మొన్న తెరిచినంత వెంటనే తెరవండి. ఆ పని మీరు తప్ప ఎవరూ చేయలేరు."

ఇంతియాజ్ అన్న ఉత్తర్వు మడిచి నా చేతిలో పెట్టాడు. రద్దు చేయడం తన చేతిలో లేదని, అధ్యక్షురాలికి రాయమని చెప్పాడు. పోతూ పోతూ తొట్టిలోకి వంగి రంగు చూశాడు. బాగుందన్నాడు.

*వైశాఖ బహుళ ద్వాదశి*

దస్తగిరమ్మ గారూ, పైన ఉన్నదంతా జరిగింది. ఇక అడగాల్సింది అడుగుతాను.

మీరు భయపడి ఈ ఉత్తర్వు ఇచ్చారని నేను అనుకోవడం లేదు, మా మీద జాలిపడి ఇచ్చారు. ఆ జాలి ఎలాంటిదో మాకు తెలుసు. అందరం కలిసి జాలితోనే ఆ తొట్టిని పాడుచేశాం. నేను ఒక్కదాన్ని పదవి వద్దంటే సరిపోదు, నా బదులు ఇంకొకరు వస్తారు, తాళం పడుతుంది. అందుకే నన్ను తప్పించమని కాదు, పదవినే తీసేయమని అడుగుతున్నాను, అన్ని వీధులకీ. పెద్ద గొట్టం మీరు చూసుకోండి. ప్రమాద దీపాలు మీరు చూసుకోండి. అవి చక్కగా నడవడానికి ఎంతమంది కావాలో అంతమందిని పెట్టుకోండి, మేమెవరం కాదనం. తొట్లు మాకు వదిలేయండి.

పదవి పోతే నాకు ఉద్యోగం ఉండదు. ఇవాళ పొద్దున అమ్మతో ఆ మాట అన్నాను. ఆమె నీలం చొక్కా గుండీలు ఊడదీసి డబ్బాలో వేసుకుంది, గుడ్డ మంచిది, మీ నాయినకి పనికొస్తాదిలే అంది. అవతలి వీధులు మూడు నన్ను పాచి చూడడానికి రమ్మంటున్నాయి, ఇచ్చింది తీసుకుని పోతాను. బతకగలను. నిజానికి ఇంత ఉత్సాహంగా నేను ఎప్పుడూ లేను.

తాళాలు బిగించేవాళ్లు జ్యేష్ఠ శుద్ధ పంచమినాడు వస్తారట. చవితి సాయంత్రం లోపు మీ జవాబు నాకు కావాలి. అవునన్నా కాదన్నా రాతలో పంపండి. తెచ్చినవాళ్లకి నేను ఇంట్లో కనబడకపోతే, ఆ సమయానికి తొట్టి దగ్గర ఎవరుంటే వాళ్ల చేతికివ్వమనండి.

వల్లెపు ఓబులేశ్వరి
ఉలి వీధి, లోతుపేట